అంగన్‌వాడీ టీచర్ విధుల్లో నిలవాలంటే అధికారులు చేయాల్సినవి

(తెరపై: అంగన్‌వాడీ కేంద్రంలో పిల్లల బరువు తూస్తున్న టీచర్.)

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబర్ 2న మొదలైంది. నాటి నుంచి గర్భిణులు, బాలింతలు, ఆరేళ్లలోపు పిల్లల పోషణను ఊరూరా చూసుకుంటున్నది అంగన్‌వాడీ టీచర్, హెల్పర్. అయినా ప్రభుత్వ లెక్కల్లో వీరు గౌరవ వేతనం పొందే కార్యకర్తలే తప్ప ఉద్యోగులు కారు. వీరిని విధుల్లో నిలుపుకోవడానికి పై అధికారులు ఏం చేయాలో ఈ వీడియోలో పరిశీలిద్దాం.

(తెరపై: 2023 నాటి సమ్మె శిబిరం.)

ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబర్ 12న మొదలైన అంగన్‌వాడీల సమ్మె 42 రోజులు సాగింది. అప్పటికి టీచర్‌కు నెలకు 11,500 రూపాయలు, హెల్పర్‌కు 7,000 రూపాయలు అందేవి. వేతన పెంపుతో పాటు వారు గ్రాట్యుటీ, అంటే విధుల నుంచి తప్పుకునేటప్పుడు సర్వీసును బట్టి ఒకేసారి ఇచ్చే మొత్తం, కూడా కోరారు. ఆ హక్కు వీరికి ఉందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 25నే తీర్పు చెప్పింది. సమ్మె కొనసాగుతుండగా 2024 జనవరిలో ప్రభుత్వం ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెలను నిషేధించే చట్టం, ప్రయోగించింది. సమ్మెను ఆపడానికి అత్యవసరమైన సేవ, జీతం నిర్ణయించేటప్పుడు మాత్రం అత్యవసరం కాకుండా పోవడం న్యాయం కాదు.

వేతనం ప్రభుత్వమే తేల్చాలి. కానీ సీడీపీవో (శిశు అభివృద్ధి పథకం అధికారి), ఆ కింద కేంద్రాలను పర్యవేక్షించే సూపర్‌వైజర్ స్థాయిలో సరిదిద్దగలిగినవి చాలా ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది టీచర్ చేతి నుంచి పడే ఖర్చు. కేంద్రం అద్దె, గ్యాస్, కూరగాయల బిల్లులు ఆలస్యమైతే ఆమె అప్పు చేసి వంట నడపాల్సి వస్తుంది, ఎందుకంటే డబ్బు రాలేదని పిల్లలను ఆకలితో ఇంటికి పంపలేదు. పెండింగ్ బిల్లులను కేంద్రాలవారీగా ప్రతి సెక్టార్ (ఒక సూపర్‌వైజర్ కింద ఉండే కేంద్రాల) సమావేశంలో చదివి, ఏ బిల్లు ఏ కార్యాలయంలో ఆగిందో టీచర్లకు చెప్పే అధికారి మీద వారికి నమ్మకం కుదురుతుంది.

(తెరపై: ఒక చేతిలో ఫోన్, ఎదురుగా రిజిస్టర్లు.)

రెండోది రికార్డుల భారం. 2021లో కేంద్రాల సేవల వివరాలు ఫోన్‌లో నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చింది. 2025 జూలై నుంచి ఇంటికిచ్చే రేషన్‌కు ముఖ గుర్తింపు తప్పనిసరి అయింది. సిగ్నల్ అందని తండాలో తల్లి ముఖం నమోదు కాకపోతే ఆ తప్పు టీచర్‌ది కాదు. అలాంటి చోట మెమో ఇవ్వడానికి ముందు సూపర్‌వైజర్ స్వయంగా కేంద్రానికి వెళ్లి చూడాలి, యాప్‌లో ఉన్న వివరాన్నే మళ్లీ రిజిస్టర్‌లో రాయమని అడగడం మానాలి. సర్వేలు, ఓటర్ల జాబితా పనులు అప్పగించే ముందు ఆ రోజు పిల్లలను ఎవరు చూస్తారో కూడా నిర్ణయించాలి. హెల్పర్ పోస్టు ఖాళీగా ఉంటే వంట, బడి, బరువుల నమోదు అన్నీ ఒక్కరి మీదే పడతాయి కనుక ఖాళీల భర్తీకి పట్టుబట్టడం సీడీపీవో బాధ్యత.

మనసుంటే ప్రభుత్వాలు కదలగలవు. 2025 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆశా కార్యకర్తలకు గ్రాట్యుటీని, మొదటి రెండు కాన్పులకు 180 రోజుల వేతన సెలవును ప్రకటించింది. అంగన్‌వాడీల విషయంలో మరో దారి కూడా ఉంది: సూపర్‌వైజర్ పోస్టుల్లో కొన్నిటిని అర్హులైన టీచర్లతోనే భర్తీ చేసే విధానం. ఆ సీనియారిటీ జాబితాను ఏటా నోటీసు బోర్డుపై పెట్టి, చదువు మధ్యలో ఆపిన టీచర్ దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేయడానికి పరీక్షల సెలవు ఇచ్చే పని సీడీపీవో ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.