పుస్తకంలో ఉన్నంతవరకే చెప్పు

శ్రోతలకు నమస్కారం.

శుక్రవారం ఒక పెద్ద సినిమా విడుదలవుతోందనుకోండి. అమెరికాలో గురువారం సాయంత్రమే ప్రీమియర్ షోలు పడతాయి. అక్కడ గురువారం సాయంత్రమంటే మనకు శుక్రవారం తెల్లవారుజాము. మనం లేచి పాల ప్యాకెట్ లోపలికి తెచ్చుకునే వేళకి డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మేనల్లుడు సినిమా చూసేసి ఉంటాడు. ఇక్కడ బెనిఫిట్ షోకి వెళ్ళొచ్చిన పక్కింటి కుర్రాడూ అంతే. ఇక ఫ్యామిలీ గ్రూపులో మెసేజ్ వచ్చి పడుతుంది. "సూపర్ సినిమా. చివర్లో అన్న చచ్చిపోతాడు. నేనైతే ఏడ్చేశాను."

ఆ మెసేజ్ పెట్టిన పిల్లవాడికి చెడు ఉద్దేశం ఏమీ లేదు. బాగా నచ్చింది, మనసు ఆగలేదు, చెప్పేశాడు. కానీ ఆదివారం మ్యాట్నీకి టికెట్లు తీసి పెట్టుకున్న వదినగారు ఆ ఒక్క ముక్కా చదివేశారు. తెలిసిపోయాక తెలియనట్టు హాల్లో కూర్చోవడం ఎవరి తరమూ కాదు. మూడు గంటల సినిమాలో ఆ అన్న నవ్విన ప్రతిసారీ ఆవిడకి చివరి సీనే గుర్తొస్తుంది.

ఈ కాసేపూ నేను మాట్లాడదలచుకున్నది దీని గురించే. సినిమాల గురించి, సీరియళ్ళ గురించి, వెబ్ సిరీస్‌ల గురించి ఆన్‌లైన్‌లో మాట్లాడుకునేటప్పుడు ఎంతవరకు చెప్పాలి, ఎక్కడ ఆపాలి? అసలు మాట్లాడుకోవద్దని మాత్రం నేను అనను. చూసిన సినిమా గురించి నలుగురితో చెప్పుకోకపోతే సగం చూసినట్టే. చెప్పాలి. చెప్పే పద్ధతి ఒకటుంది. ఆ పద్ధతి మనకి కొత్త కూడా కాదు. మన సినిమా హాళ్ళ దగ్గరే, కొద్ది పైసలకి అమ్మేవారు.

పాటల పుస్తకం. యాభై, అరవై దాటిన శ్రోతలకి ఈ పాటికే గుర్తొచ్చి ఉంటుంది. తెలియని పిల్లల కోసం చెబుతాను. పలచటి కాగితం మీద అచ్చువేసిన కొన్ని పేజీల పుస్తకం. అట్ట మీద హీరో హీరోయిన్ల బొమ్మ. లోపల ముందు నటీనటుల పేర్లు, సాంకేతిక నిపుణుల పేర్లు. ఆ తర్వాత కథ. కథ అయ్యాక పాటలు, ఒక్కో పాటకీ రాసినవారి పేరు, పాడినవారి పేరు. ఇంటర్వెల్‌లో సోడాలు, వేరుశనక్కాయల పక్కనే ఈ పుస్తకాలూ అమ్ముడుపోయేవి. అందరూ పాటల కోసం కొనేవారు. నాకు మాత్రం పాటల కంటే ముందున్న ఆ ఒకటిన్నర పేజీ కథంటే ఇష్టం.

ఆ కథ ఎలా ఉండేదో ఒక మాదిరి చెబుతాను. ఇది ఏ సినిమాదీ కాదు, ఆ ధోరణి తెలియడానికి నేను అల్లింది. ఒక జమీందారుగారికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు నెమ్మదస్తుడు, ఊళ్ళోనే ఉండి వ్యవసాయం చూసుకుంటాడు. చిన్నవాడు పట్నంలో చదువుకుంటున్నాడు. పెద్దవాడికి మేనమామ కూతురితో పెళ్ళి కుదిరింది. బంధువులంతా వచ్చారు, పందిరి వేశారు, బాజాలు మోగుతున్నాయి. సరిగ్గా ముహూర్తం వేళకి ఒకావిడ పసిబిడ్డను చంకనేసుకుని పందిట్లోకి వచ్చింది. ఆవిడ ఎవరు? ఆ బిడ్డ ఎవరి బిడ్డ? పెళ్ళి జరిగిందా, ఆగిపోయిందా? జమీందారుగారు ఇన్నాళ్ళూ దాచిన రహస్యం ఏమిటి? మిగతా కథ వెండితెర మీద చూడండి.

అంతే. అక్కడితో కథ ఆగిపోయి, పక్క పేజీలో పాట మొదలవుతుంది.

ఆ కథ రాసినాయన చేసిన పని ఒకసారి చూడండి. ఆయనకి కథంతా తెలుసు. తెలిసీ, కథ అసలు చెప్పనని మొండికేయలేదు. చెప్పాడు. ఇంట్లో ఎవరెవరున్నారో చెప్పాడు. ఎవరు ఎలాంటివారో చెప్పాడు. చిక్కుముడి ఎక్కడ పడిందో చెప్పాడు. పందిరి దాకా తీసుకొచ్చి ఆపాడు. సినిమా చూడాలో వద్దో తేల్చుకోవడానికి మనకి కావలసినదంతా ఇచ్చాడు. సినిమా హాల్లో మనకి దొరకవలసినదాన్ని మాత్రం హాలుకే వదిలేశాడు. మంచి సినిమా కబురుకి ఇంతకంటే ఏం కావాలి?

మా మేనత్తకి ఈ పుస్తకాలంటే ప్రాణం. అప్పట్లో సినిమా విడుదలంటే అన్ని ఊళ్ళలో ఒకేసారి కాదు. ముందు పెద్ద పట్నాల్లో ఆడేది. వాటిని ఏ సెంటర్లనేవారు. అక్కడ ఆడి, ఆడి, బి సెంటర్లకి, అక్కణ్ణుంచి మా ఊరి టూరింగ్ టాకీస్ లాంటి సి సెంటర్లకి ప్రింట్లు వచ్చేవి. నెలలు పట్టేది. ఈలోగా విజయవాడ వెళ్ళొచ్చినవాళ్ళెవరో పాటల పుస్తకం తెచ్చేవారు. మా అత్త అరుగు మీద కూర్చుని ఆ కథ బయటికి చదివేది. చదివాక అసలు పంచాయితీ మొదలయ్యేది. ఆ బిడ్డ చిన్నవాడి బిడ్డేనని ఒకరు, కాదు జమీందారే తప్పు చేసుంటాడని ఒకరు. పందాలు కూడా కాసుకునేవారు. సినిమా వచ్చేలోపల మా అరుగు మీద ఆ కథకి రకరకాల ముగింపులు తయారయ్యేవి. ఆ ఊహల్లో ఉన్న ఆనందం చిన్నదని నేను ఏ రోజూ అనుకోలేదు.

ఆ సమయంలో పట్నంలో సినిమా చూసొచ్చినవాళ్ళు ఎవరైనా వచ్చి "అసలేమైందంటే..." అని మొదలుపెడితే, మా అత్త వెంటనే అనేది. "పుస్తకంలో ఉన్నంతవరకే చెప్పు. ఆపైన వద్దు." పాట ఎలా ఉందో చెప్పు, ఫలానా ఆవిడ ఎలా చేసిందో చెప్పు, నీకు ఏడుపొచ్చిందా, నవ్వొచ్చిందా, అదీ చెప్పు. కథ మాత్రం పుస్తకంలో ఉన్నంతవరకే.

పుస్తకంలో ఉన్నంతవరకే. ఈ మాట ఇవాళ్టికీ సరిపోతుందని నా నమ్మకం. ఇప్పుడు పాటల పుస్తకాలు లేవు, ట్రైలర్లున్నాయి. సినిమా తీసినవాళ్ళు తాము బయటపెట్టదలచుకున్నది ట్రైలర్‌లో పెట్టారు. అంటే గీత వాళ్ళే గీసి ఇచ్చారు. ట్రైలర్‌లో ఉన్నంతవరకు ఎంతైనా మాట్లాడుకోవచ్చు. దాని అవతల ఉన్నది చూసినవాళ్ళ మధ్యనే ఉండాలి.

కథలో ఒక ప్రశ్న చెప్పడం వేరు, దాని జవాబు చెప్పడం వేరు. ఇందుకు మన తెలుగు సినిమా కంటే మంచి సాక్ష్యం ఎక్కడా లేదు. 2015 జూలై 10న బాహుబలి మొదటి భాగం వచ్చింది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు అనే ప్రశ్న దగ్గర రాజమౌళి గారు సినిమా ఆపేశారు. రెండో భాగం వచ్చింది 2017 ఏప్రిల్ 28న. ఇంచుమించు ఇరవై ఒకటిన్నర నెలలు. ఆ ఇరవై ఒకటిన్నర నెలలూ దేశమంతా అదే ప్రశ్న అడిగింది. ఎవరూ ఎవరి సినిమానీ పాడుచేయలేదు, ఎందుకంటే అందరి దగ్గరా ఉన్నది ప్రశ్నే. రెండో భాగం వచ్చిన రోజు మా వీధి కుర్రాళ్ళు మొదటి ఆట చూసొచ్చారు. ఎంతమంది అడిగినా "వెళ్ళి చూడండి" అన్నారే గాని ఒక్క ముక్క పెదవి దాటనివ్వలేదు. ఆ పిల్లలంటే నాకు ఇప్పటికీ గౌరవం.

ఆ జవాబు నేనూ ఈ ప్రసంగంలో చెప్పను. ఇన్నేళ్ళయ్యాక కూడానా అంటారేమో. ఆ ఏడాది పుట్టిన పిల్లలు ఇప్పుడు బడికి వెళుతున్నారు. వాళ్ళలో ఎవరో ఒకరు ఈ వేసవి సెలవుల్లో ఆ సినిమా మొదటిసారి చూస్తారు. వాళ్ళకి ఆ ప్రశ్న ఇంకా కొత్తదే.

ఇక్కడ పెద్దలు ఒక మాట అడుగుతారు, న్యాయమైన మాటే. రాముడు గెలుస్తాడని తెలిసే కదా జనం తెల్లవార్లూ తోలుబొమ్మలాట చూశారు, హరికథలు విన్నారు? నిజమే. రేడియో సంగతే తీసుకోండి. సంక్షిప్త శబ్దచిత్రం అని ఆకాశవాణిలో వచ్చేది. సినిమా మాటలూ పాటలూ కుదించి వినిపించేవారు. ఆ సినిమా హాల్లో చూసేసినవాళ్ళే రేడియో చుట్టూ చేరి మళ్ళీ వినేవారు. ముగింపు తెలిసినంత మాత్రాన ఆనందం పోదని చెప్పిన పరిశోధకులూ ఉన్నారు. అమెరికాలో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు 2011లో కొందరి చేత చిన్న కథలు చదివించారు. ముగింపు ముందే తెలిసినవాళ్ళే కాస్త ఎక్కువ ఆనందించారని తేల్చారు. తర్వాత వేరేవాళ్ళు చేసిన పరిశోధనలో దీనికి వ్యతిరేకంగానూ తేలింది.

నా అభిప్రాయం ఇది. తెలిసిన కథ వినడం ఒక సుఖం, తెలియని కథ వినడం మరొక సుఖం. మొదటిది ఎన్నిసార్లైనా దొరుకుతుంది. రెండోది ఒక్కసారే. రామాయణం వినడానికి వచ్చినవాళ్ళు తెలిసే వచ్చారు, కావాలని వచ్చారు. కొంతమంది ముగింపు తెలుసుకున్నాకే సినిమాకి వెళతారు. గుండె జబ్బున్న మా బాబాయిగారు అంతే, టెన్షన్ పడలేక ముందు "చివరికి బతుకుతారా?" అని అడిగి మరీ చూస్తారు. అడిగినవాళ్ళకి నిరభ్యంతరంగా చెప్పండి. అడగనివాళ్ళ చెవిలో వేయకండి.

"అంత పట్టింపు ఉంటే మొదటి రోజే చూడొచ్చుగా" అనే మాట కూడా నేను తరచుగా వింటాను. ఈ మాట నాకు బాధ కలిగిస్తుంది. మొదటి రోజు చూడలేనివాళ్ళు ఎవరు? నైట్ డ్యూటీలో ఉన్న నర్సు. చంటిబిడ్డ తల్లి. పరీక్షలున్న పిల్లలు. కోతల్లో ఉన్న రైతు. పెద్ద సినిమాకి పెంచిన టికెట్ ధర పెట్టలేక రెండో వారం దాకా ఆగేవాళ్ళు. ఊళ్ళో ఉన్న ఒక్క హాలూ మూతపడి ఓటీటీలో వచ్చేదాకా, అంటే నాలుగు వారాలో ఎనిమిది వారాలో చూసేవాళ్ళు. అదీ లేక టీవీలో వేసేదాకా కనిపెట్టుకుని ఉండేవాళ్ళు. వీళ్ళలో ఎవరికీ సినిమా మీద ప్రేమ తక్కువ కాదు.

సీరియళ్ళ సంగతీ ఇలాగే మారింది. రాత్రి టీవీలో రావలసిన ఎపిసోడ్ కొన్ని యాప్‌లలో ఆ రోజు పొద్దునే చూసేయవచ్చు. పొద్దున చూసిన కోడలు గ్రూపులో పెట్టేస్తే, రాత్రి భోజనాలయ్యాక టీవీ ముందు కూర్చునే అత్తగారికి చూడ్డానికి ఏం మిగులుతుంది?

చాలామంది గమనించని సంగతి ఇంకొకటుంది. "నేనేమీ చెప్పను గాని, క్లైమాక్స్‌లో మామూలు ట్విస్ట్ కాదు" అంటారు. ఏమీ చెప్పలేదనే అనుకుంటారు. చెప్పేశారు. ఇక విన్న మనిషి సినిమా చూడడు, ట్విస్ట్ కోసం వెతుకుతూ కూర్చుంటాడు. మంచివాడిగా కనిపించిన ప్రతి పాత్రనీ అనుమానిస్తాడు. ట్విస్ట్ ఉందన్న సంగతి కూడా కథలో భాగమే.

హాల్లో సీను ఫోన్‌తో తీసి స్టేటస్‌లో పెట్టడం గురించి ఒక్క మాటే చెబుతాను. అది మర్యాదని దాటి చట్టంలోకి వెళుతుంది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించారు. అనుమతి లేకుండా హాల్లో సినిమాని రికార్డు చేస్తే కనీసం 3 నెలల జైలు, కనీసం 3 లక్షల రూపాయల జరిమానా. ఇంట్లో పిల్లలకి ఈ సంగతి చెప్పి ఉంచండి.

ఇక సమయం దగ్గర పడింది గనుక, చేతిలో ఫోన్ ఉన్న ప్రతివాళ్ళూ రేపటినుంచే చేయగలిగిన పని ఒకటి చెబుతాను. మెసేజ్‌లో మొదటి వాక్యం. దాని సంగతి చూసుకోండి.

ఫోన్ లాక్‌లో ఉన్నా, వచ్చిన మెసేజ్ మొదటి వాక్యం చాలా ఫోన్లలో తెర మీద కనిపిస్తుంది. చదవకూడదనుకున్నవాళ్ళ కంట కూడా పడుతుంది. అందుకని "చివరి సీను గురించి, చూడనివాళ్ళు చదవకండి" అని పైన రాసి, ఆ పక్కనే కథంతా రాసేస్తే ప్రయోజనం లేదు. ఆ హెచ్చరికలో సినిమా పేరు ఉండాలి, లేకపోతే దేని గురించో తెలియక అందరూ తెరుస్తారు. హెచ్చరికని ఒక మెసేజ్‌గా పంపండి, పేరుతో సహా. చెప్పదలచుకున్నది రాయకండి. వాయిస్ మెసేజ్‌గా మాట్లాడి పంపండి.

రాసిన మాట కంట పడిపోతుంది, కళ్ళు మూసుకునేలోపే చదివేస్తాం. వాయిస్ మెసేజ్ అలా కాదు. ఎవరైనా వేలు పెట్టి నొక్కితే తప్ప అది నోరు తెరవదు. సినిమా చూసినవాళ్ళు ఇవాళే వింటారు. వదినగారు ఆదివారం మ్యాట్నీ చూసొచ్చి, చెప్పులు విప్పి, మంచినీళ్ళు తాగి, అప్పుడు వింటారు. విని తనూ ఒక వాయిస్ మెసేజ్ పెడతారు. అన్న పోయే సీనులో తనకి ఎక్కడ ఏడుపొచ్చిందో, మేనల్లుడికి ఎక్కడొచ్చిందో, అప్పుడు ఇద్దరూ తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

నమస్కారం.