నల్ల ఓడలూ, దుబాసీలూ

శ్రోతలకు నమస్కారం.

సాహస నవలలంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. ఓడ ఉండాలి, తుపాను ఉండాలి, ముక్కూ మొహం తెలియని తీరం ఉండాలి. అందులోనూ జపాన్ తీరానికి తెల్లవాళ్ల ఓడలు చేరిన రోజుల కథ దొరికితే అన్నం కూడా గుర్తుండదు. అయితే ఈ నవలలతో నాకో పేచీ ఉంది. అట్ట మీద ఎప్పుడూ కత్తే. లోపల చూస్తే, ఓడ పాడై ఒడ్డుకు కొట్టుకొచ్చిన నావికుడు మూడో అధ్యాయానికల్లా జపాన్ సేనానులతో గలగలా మాట్లాడేస్తుంటాడు. ఏ భాషలో? ఎవరి నోటితో? రచయితకి ఆ బెంగ ఉండదు. చరిత్ర తిరగేస్తే అసలు టెన్షన్ అంతా అక్కడే ఉంది. కత్తి ఒరలోంచి బయటికి రావాలా వద్దా అన్నది చాలాసార్లు దుబాసీ చేతిలో, కాదు, అతని నాలుక మీద ఉండేది.

దుబాసీ అంటే ద్విభాషి. కంపెనీల కాలంలో మన కోస్తా రేవుల్లో తెల్లదొరకీ, ఊరి వర్తకుడికీ మధ్య నిలబడి బేరం నడిపినవాడు. ఇప్పటివాళ్లు వాడని మాట. నాకు మాత్రం ఇష్టం.

1600 ఏప్రిల్. జపాన్‌లోని క్యూషూ దీవి, ఉసుకి అనే ఊరి దగ్గర ఒక డచ్చి ఓడ లంగరు వేసింది. దాని పేరు లీఫ్డే. రెండేళ్ల కిందట రోటర్‌డామ్ నుంచి బయల్దేరిన 5 ఓడల్లో జపాన్ దాకా వచ్చింది ఇదొక్కటే. ప్రాణాలతో మిగిలింది ఇరవై నలుగురు. వాళ్లలో సొంత కాళ్ల మీద నిలబడగలిగింది ఆరేడుగురు. ఒడ్డు నుంచి పడవల్లో జనం వచ్చి, ఓడెక్కి, దొరికింది దొరికినట్టు పట్టుకుపోతుంటే చూస్తూ ఊరుకోవడం తప్ప ఏమీ చేయలేని పరిస్థితి. ఆ ఓడకు దారి చూపినవాడు విలియం ఆడమ్స్ అనే ఇంగ్లీషువాడు.

సరే, వీళ్లెవరో, ఎందుకొచ్చారో ఆ ఊరి ప్రభువుకి తెలియాలి కదా. దుబాసీ కావాలి. వచ్చింది ఎవరు? పోర్చుగీసు క్రైస్తవ గురువులు. 1543 నుంచీ జపాన్‌కి తెలిసిన తెల్లవాళ్లంటే ముఖ్యంగా పోర్చుగీసువాళ్లే. వాళ్లు క్యాథలిక్కులు. వీళ్లు ప్రొటెస్టెంట్లు. సముద్రం మీద ఎదురుపడితే ఫిరంగులు పేల్చుకునే జాతులు. మా బద్ధశత్రువులే మాకు దుబాసీలయ్యారని ఆడమ్స్ తర్వాత ఉత్తరంలో రాసుకున్నాడు. ఊహించుకోండి. మీరు "మేం వర్తకులం బాబూ" అంటారు. పక్కనున్నవాడు దాన్ని ఏమని చెబుతున్నాడో మీకు తెలియదు. వాళ్లు చెప్పింది ఇదీ: వీళ్లు సముద్రపు దొంగలు, చంపెయ్యండి.

ఆడమ్స్‌ని ఒసాకా కోటకు తీసుకెళ్లారు. ఎదురుగా కూర్చున్నది తొకుగవా ఇయెయాసు. మరో ఐదు నెలల్లో సెకిగహారా యుద్ధం గెలిచి దేశాన్నంతా గుప్పిట్లో పెట్టుకోబోయేవాడు. మొదట ఇద్దరూ సైగలతోనే మాట్లాడుకున్నారు. కొన్ని అర్థమయ్యాయి, కొన్ని కాలేదు. కాసేపటికి పోర్చుగీసు వచ్చినవాడు ఒకడు దొరికాడు. మీ దేశానికి యుద్ధాలున్నాయా? ఉన్నాయి, స్పెయిన్‌తో, పోర్చుగల్‌తో. మీరు దేన్ని నమ్ముతారు? భూమ్యాకాశాలు చేసిన దేవుణ్ణి. ఏ దారిన వచ్చారు? ఆడమ్స్ ప్రపంచ పటం విప్పి, దక్షిణ అమెరికా కొసన ఉన్న మాగెల్లన్ జలసంధి మీద వేలు పెట్టాడు. ఇయెయాసు నమ్మలేదు, అబద్ధమనుకున్నాడు. అయినా ప్రశ్నలు ఆపలేదు. అలా అర్ధరాత్రయింది.

తర్వాత దాదాపు ఆరు వారాలు జైలు. ఏ రోజు శిలువ వేస్తారో అని ఎదురుచూడటమే పని. బయట గురువులు చంపమని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతూనే ఉన్నారు. ఇయెయాసు చెప్పిన జవాబు నాకు చాలా నచ్చుతుంది: వీళ్లు నాకు గానీ నా దేశానికి గానీ ఇంతవరకూ ఏ కీడూ చేయలేదు, మీకూ వాళ్లకూ యుద్ధముంటే దానికి నేనెందుకు చంపాలి? నవలాకారులు ఈ గదిని రెండు పేజీల్లో దాటేసి తర్వాతి యుద్ధానికి పరుగెడతారు. నేనైతే పుస్తకం సగం ఈ గదిలోనే రాస్తాను.

చివరికి ఆడమ్సే ఇయెయాసుకి దుబాసీ అయ్యాడు. ఎదో, అంటే ఇప్పటి టోక్యో, పక్కన మియురా ద్వీపకల్పంలోని హెమి అనే ఊళ్లో భూమి ఇచ్చారు. ఆ ద్వీపకల్పం పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

చిన్న పిట్టకథ. 1609లో డచ్చి కంపెనీ జపాన్‌లోని హిరాదోలో కోఠీ, అంటే వర్తక కేంద్రం, తెరిచింది. అప్పటికే మన మచిలీపట్నంలో వాళ్లకి కోఠీ ఉంది. మన తూర్పు తీరంలో అద్దిన రంగుల గుడ్డలు ఓడలెక్కి జపాన్ చేరేవి. వాళ్లు వాటిని 'సరస' అనేవారు. టీ పొడి వేసుకునే చిన్న జాడీకి ఆ గుడ్డతో సంచి కుట్టించుకోవడం అక్కడి టీ గురువులకు గొప్ప ముచ్చట.

తర్వాత జపాన్ బయటి ప్రపంచానికి తలుపులు మూసేసింది. 1635 శాసనం ప్రకారం జపాన్ మనిషి దేశం దాటినా, దాటి తిరిగొచ్చినా మరణశిక్షే. 1641 నుంచి డచ్చివాళ్లని నాగసాకిలో విసనకర్ర ఆకారంలో కట్టిన దెజిమా అనే బుల్లి దీవిలో ఉంచారు. రెండు వందల ఏళ్లు అదే కిటికీ. నాగసాకిలో డచ్చి దుబాసీలు వంశపారంపర్యం, తండ్రి తర్వాత కొడుకు. 1808లో ఒక ఇంగ్లీషు యుద్ధ నౌక డచ్చి జెండా ఎగరేసి నాగసాకి రేవులోకి దొంగతనంగా దూరాక, ఇంగ్లీషు కూడా నేర్చుకోమని వాళ్లకి హుకుం వచ్చింది. నేర్పింది ఎవరయ్యా అంటే, డచ్చివాడు!

ఇక్కడికి వస్తాడు నాకు ఇష్టమైన రనాల్డ్ మెక్‌డొనాల్డ్. తండ్రి స్కాట్లండ్ వర్తకుడు, తల్లి అమెరికా చినూక్ తెగ నాయకుడి కూతురు. జపాన్ చూడాలన్న పట్టుదలతో తిమింగలాల వేట ఓడలో పనికి కుదిరి, 1848లో హొక్కైదో దగ్గర చిన్న పడవలో ఒంటరిగా దిగిపోయాడు. ఓడ మునిగినవాడిలా నటిస్తే చంపరని అతని లెక్క. చంపలేదు. నాగసాకికి తెచ్చి ఒక గదిలో బంధించారు. ఆ గదే బడి అయింది. పద్నాలుగు మంది దుబాసీలు వంతులవారీగా వచ్చి ఇంగ్లీషు చదివి వినిపిస్తే, ఇతను ఉచ్చారణ దిద్దేవాడు. వాళ్లకి వ్యాకరణం బాగానే వచ్చు. 'ల' పలకదు. హల్లుతో ముగిసే మాటకి చివర అచ్చు తగిలించకుండా ఉండలేరు. నవ్వకండి, మనం మాత్రం? బస్సు, రోడ్డు, కారు! వాళ్లలో చురుకైనవాడు మొరియామా ఎయినొసుకె.

1853 జులై 8. అదే మియురా ద్వీపకల్పం, ఉరగా రేవు. అమెరికా నౌకాదళాధికారి పెర్రీ 4 యుద్ధ నౌకలతో దిగాడు. రెండు ఆవిరివి, పొగ కక్కుతూ. నల్ల ఓడలని జనం వణికిపోయారు. జపాన్ పడవలో ఒకాయన దగ్గరికొచ్చి శుభ్రమైన ఇంగ్లీషులో ఒక్క వాక్యం అన్నాడు: "నేను డచ్చి మాట్లాడగలను." ఆ రోజు కథ అలా మొదలైంది. ఇంగ్లీషు నుంచి డచ్చిలోకి, డచ్చి నుంచి జపనీసులోకి.

తమాషా ఏమిటంటే ఇంగ్లీషు క్షుణ్ణంగా వచ్చిన మనిషి అప్పటికే జపాన్‌లో ఉన్నాడు. మంజిరో. 14 ఏళ్ల వయసులో చేపల పడవ దారి తప్పి మనుషుల్లేని దీవిలో చిక్కుకుంటే, అమెరికా ఓడ కాపాడి తీసుకెళ్లింది. అక్కడ చదువుకుని, 1851లో చావుకు తెగించి తిరిగొచ్చాడు. ప్రభుత్వం అతన్ని ఎదోకి పిలిపించి, సమురాయ్ హోదా, అంటే కత్తి కట్టే యోధుల హోదా, ఇచ్చింది. చర్చల్లో మాత్రం కూర్చోనివ్వలేదు. అమెరికావాళ్ల ఉప్పు తిన్నవాడు కదా, ఎటు మొగ్గుతాడో అని అనుమానం.

1854లో పెర్రీ మళ్లీ వచ్చినప్పుడు జపాన్ తరపున ముఖ్య దుబాసీ మొరియామాయే. మార్చి 31న కనగావా ఒప్పందం మీద సంతకాలయ్యాయి. దాని 11వ అంశం చూడండి. 18 నెలల తర్వాత షిమొదా రేవులో అమెరికా కాన్సల్, అంటే ఆ ప్రభుత్వ ప్రతినిధి, ఉండొచ్చు, ఎప్పుడు? ఇంగ్లీషు ప్రతిలో, రెండు ప్రభుత్వాల్లో ఏదైనా అవసరమనుకుంటే. జపనీసు ప్రతిలో, రెండు ప్రభుత్వాలూ అవసరమనుకుంటే. ఎవరి కలం జారిందో, కావాలనే జార్చారో గానీ, రెండేళ్లు అందరూ హాయిగా నిద్రపోయారు. 1856 ఆగస్టులో టౌన్సెండ్ హారిస్ సామానుతో సహా షిమొదాలో దిగి, నేనే కాన్సల్‌ని అన్నాడు. జపాన్ అధికారులకు గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. మేమెప్పుడు ఒప్పుకున్నామని వాళ్లు, కాగితం చూడండని ఇతను. చివరికి ఒక గుడిలో బస ఇచ్చారు.

హారిస్ వెంట ఒక కుర్రాడు వచ్చాడు, హెన్రీ హ్యూస్కెన్. ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టి అమెరికా చేరినవాడు. ఇంగ్లీషు, డచ్చి రెండూ వచ్చు, ఉద్యోగం దొరికిందే అందుకు. జపనీసు కూడా నేర్చుకున్నాడు. ఒప్పందం కోసం ఏ దేశం వచ్చినా అతన్ని అరువడిగేది. 1861 జనవరి 15 రాత్రి ప్రష్యా రాయబారి బసలో పని ముగించుకుని, గుర్రమెక్కి, లాంతర్లవాళ్లు ముందు నడుస్తుంటే ఎదో వీధుల్లో ఇంటికి వస్తున్నాడు. తెల్లవాళ్లని తరిమెయ్యాలన్న సమురాయ్‌లు చీకట్లోంచి వచ్చి మీద పడ్డారు. నవలల అట్టల మీది కత్తి అదిగో, అప్పుడు దిగింది, దుబాసీ పొట్టలో. అతనికి ఇరవై ఎనిమిదేళ్లు. తెల్లారేలోగా పోయాడు. జపాన్ ప్రభుత్వం అతని తల్లికి 10,000 డాలర్లు పంపింది.