దాస్తున్నది ఎవరి దగ్గర?

సభకు నమస్కారం. అధ్యక్షులవారు పది నిమిషాలే అన్నారు కాబట్టి వేదిక మీది పెద్దల పేర్లు చదవడం లేదు, ఏమీ అనుకోవద్దు.

వ్యాపారాన్ని నలుగురికీ చూపిస్తూ కట్టాలా, గుట్టుగా కట్టాలా అన్నది నాకిచ్చిన అంశం. రెండూ అవసరమేనండీ అనేసి చప్పట్లు కొట్టించుకుని దిగిపోవచ్చు. కానీ నా మాట వేరు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు తాము చేస్తున్నది దొంగకు దొరక్కూడదని దాస్తారు. చివరికి అది కొనేవాడికి కూడా దొరకదు.

మాది గోదాముల్లో సరుకు లెక్క చూసే సాఫ్ట్‌వేర్. మా వెబ్‌సైట్‌లో 'త్వరలో' అన్న మాట తప్ప ఏమీ ఉండేది కాదు. ఇంతలో ఒక పెద్ద కంపెనీ పిలిచింది. పేరు చెప్పను, అడగొద్దు. భాగస్వామ్యం అన్నారు. గోప్యత ఒప్పందం మీద సంతకం అడిగితే, "అవన్నీ మా లీగల్ వాళ్ళు చూస్తారు, ముందు డెమో కానివ్వండి" అన్నారు. తలుపులు వేసిన గదిలో అంతా చూపించాం. ఒక కుర్రాడు తెర ఫొటోలు తీస్తూనే ఉన్నాడు. తర్వాత ఫోన్లు ఎత్తడం మానేశారు.

కొన్నాళ్ళకు వాళ్ళ సాఫ్ట్‌వేర్ వచ్చింది. మా స్టాక్ రిపోర్టులో పరిమాణానికీ రేటుకూ మధ్య ఒక ఖాళీ గడి ఉండేది. పాత కస్టమర్ ఒకాయన ముందే అచ్చేయించుకున్న కాగితాల్లో అక్కడ నిలువు పట్టీ ఉందని, ఆయన కోసం వదిలాం. ఇంకెవరికీ దాంతో పనిలేదు. వాళ్ళ రిపోర్టులోనూ అదే చోట అదే ఖాళీ గడి! చెప్పండి, ఎవరితో మొరపెట్టుకోవాలి? మాది ముందు అనడానికి సాక్షి ఏడీ? నెలనెలా ఆ తెరను నలుగురిలో పెట్టి ఉంటే తేదీలే సాక్ష్యం చెప్పేవి కదా!

సరే, అంశంలోకి వస్తాను. 1991 ఆగస్టు 25న లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి, సరదాగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ చేస్తున్నాను, ఏమేం ఉంటే బాగుంటుందో చెప్పండని అందరినీ అడిగాడు. అదే లినక్స్. సోషల్ మీడియా పోస్టులకు సాఫ్ట్‌వేర్ చేసే బఫర్ కంపెనీ 2013లో తన ఉద్యోగుల జీతాలన్నీ బయటపెట్టింది. ఇంకోవైపు థెరనోస్ అనే అమెరికా కంపెనీ. 2003లో పుట్టి, రక్తపరీక్ష యంత్రం గురించి ఎవరడిగినా వ్యాపార రహస్యం అంటూ వచ్చింది. ఆ గుట్టు తెలియకుండా పోయింది పోటీదారులకు మాత్రమే కాదు, డాక్టర్లకు, రోగులకు కూడా. ఆ యంత్రం చెప్పినట్టు పనిచేయడం లేదని 2015లో పత్రికల్లో వచ్చేదాకా అదే తంతు.

ఐఫోన్ మాటేమిటని అడిగేవాళ్ళు ఇక్కడే ఉంటారు. 2007లో చూపించేదాకా గుట్టుగానే ఉంచారు, నిజం. కానీ ఆపిల్ ఏదో దాస్తోందంటే లోకమంతా తొంగిచూస్తుంది. మనం ఏదో దాస్తున్నామన్న సంగతి ఎవరికి తెలుసు? వెనక వరుసలో నవ్వుతున్నారు చూడండి, వాళ్ళ వెబ్‌సైట్‌లోనూ 'త్వరలో' అనే ఉండి ఉంటుంది!

అయితే బొమ్మ చూసి అచ్చుపోయగలిగే వస్తువైతే జాగ్రత్త. 2016లో ఫిడ్జెట్ క్యూబ్ అనే, చేతిలో ఆడించుకునే చిన్న వస్తువుకు, తయారీకి ముందే జనం డబ్బు కట్టే కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్‌లో లక్షలాది డాలర్లు వచ్చాయి. అసలు సరుకు కొన్నవాళ్ళకు చేరకముందే నకళ్ళు అమ్ముడుపోయాయి. అలాంటివాళ్ళు సరుకు చేతికొచ్చాకే చూపించండి.

ఇంకొక తద్దినం ఉంది. కొందరు రోజూ ఆదాయం గ్రాఫులు పెడుతుంటారు. లైకులు కొట్టేది తోటి వ్యాపారులే, కొనేవాడు ఆ దరిదాపుల్లో ఉండడు. దాన్ని బహిరంగంగా కట్టడం అనను. కొనేవాడి ముందు సగం పనిచేసే స్క్రీన్ పెట్టి, ఎక్కడ తడబడుతున్నాడో పక్కనే నిలబడి చూడండి. నేను చెప్పేది అదీ.

చీటీ వచ్చింది, ముగించమంటున్నారు. పేటెంట్ తీసుకునే ఉద్దేశం ఉన్నవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. అమెరికాలో మీరే బయటపెట్టినా దరఖాస్తుకు ఏడాది గడువుంది, యూరప్‌లో మాత్రం ఆ వెసులుబాటు దాదాపు లేనట్టే. ముందు దరఖాస్తు, తర్వాతే పోస్టు. ఎవరైనా డెమోకు పిలిచి సంతకం తర్వాత అంటే, లేచి వచ్చెయ్యండి. ఉంటాను, నమస్కారం.