ఆల్టా వెరాపాజ్: ఏలకుల కొండసీమ

అందరికీ నమస్కారం.

మన పాయసంలో పడే ఏలక్కాయకు పుట్టిల్లు పడమటి కనుమలు. ఎగుమతిలో మాత్రం మనల్ని ఎప్పుడో దాటేసింది మధ్య అమెరికా దేశం గ్వాటెమాలా. అక్కడ కూడా పంటలో పెద్ద వాటా ఆల్టా వెరాపాజ్‌దే. వాళ్లు దాన్ని డిపార్ట్‌మెంట్ అంటారు, మన జిల్లా లాంటిదనుకోండి.

కేంద్రం కోబాన్, సముద్రమట్టానికి దాదాపు 1,300 మీటర్ల ఎత్తు. విడవకుండా కురిసే సన్నని తుంపరకు అక్కడి పేరు చిపిచిపి. కింద అంతా సున్నపురాయి, వాననీరు బిలాల్లోంచి భూగర్భంలోకి జారుకుంటుంది. ఆ దారులు చాలకపోతే ఊరే చెరువవుతుంది. 2020 నవంబరులో ఈటా హరికేన్ వచ్చినప్పుడు అక్కడి కాంపూర్ అనే ఊరు వారాల తరబడి నీళ్లలోనే ఉండిపోయింది.

ఈ సీమ స్పానిష్ సేనలకు లొంగలేదు. 1537లో లాస్ కాసాస్ అనే మతగురువు, సైనికులు అడుగుపెట్టకూడదన్న షరతుతో అక్కడ మతప్రచారానికి ఒప్పందం చేసుకున్నాడు. వెరాపాజ్ అంటే నిజమైన శాంతి. పేరు అందంగానే ఉంది! 1871 తర్వాత కాఫీ తోటల కోసం అక్కడి మూలవాసులైన కెక్చీ ప్రజల భూములు పోయాయి, చాలావరకు జర్మన్ల చేతికి. 1877 చట్టంతో తోటలకు నిర్బంధంగా కూలీలను పంపారు. ఏలకులు తెచ్చిందీ ఒక జర్మన్ తోట యజమానే, 1914 ప్రాంతంలో.

ఇప్పుడు పండించేది ఎక్కువగా చిన్న రైతులు. అసలు చిక్కు ఆరబెట్టడంలో ఉంది. కాయల గెల, మొక్క మొదలు దగ్గర నేల మీద పాకుతుంది, కాయలన్నీ ఒకేసారి ముదరవు, కాబట్టి విడతలుగా కోయాలి. పండిపోతే ఎండేటప్పుడు పగిలిపోతాయి. కోసినవి గోనెసంచిలో ఉంచితే వేడెక్కి పచ్చదనం పోతుంది. రేటంతా ఆ పచ్చదనానికే. కట్టెల పొయ్యి వేడిగాలిని చిల్లుల అరల కిందనుంచి పంపి, 50 డిగ్రీలకు అటూఇటూగా, ఒక రోజో అంతకు మించో ఆరబెడతారు. తొందరపడి మంట పెంచితే కాయ గోధుమరంగుకు తిరుగుతుంది, వాసన తగ్గుతుంది. నాలుగైదు కిలోల పచ్చికాయకు కిలో ఎండుకాయ దిగుతుంది. ఈ పొయ్యి కట్టుకునే స్తోమత లేని రైతు, కోసిన రోజే దళారి చెప్పిన ధరకు పచ్చికాయ తూచి ఇస్తాడు. పొయ్యిలు మింగే కట్టెల భారం అడవి మీద పడుతోంది.

సరుకు పెద్ద ఎత్తున సౌదీ, ఎమిరేట్స్‌కు వెళ్తుంది, అక్కడి కాఫీలోకి. కెక్చీ వంటిళ్లలో ఏలకుల వాడకం చాలా తక్కువ. గల్ఫ్‌లో ధర పడిపోతే కోబాన్‌లో కొనేవాడు ఉండడు. ఆ ఏడాది ఇల్లు గడిచేది పక్కన వేసుకున్న మొక్కజొన్న చేనుతోనే.