రోడ్రిగ్స్ ద్వీపంలో వారం రోజులు: తీరిగ్గా గడపాలంటే ప్లాన్ ఎలా ఉండాలి? | రివ్యూ

నమస్తే అండి. ఇవాళ్టి రివ్యూ రోడ్రిగ్స్ ద్వీపం గురించి. ఇది మారిషస్ దేశంలోదే, కాకపోతే మారిషస్ ప్రధాన ద్వీపానికి తూర్పున దాదాపు 560 కిలోమీటర్ల దూరంలో, హిందూ మహాసముద్రం మధ్యలో ఒంటరిగా ఉంటుంది. విస్తీర్ణం 108 చదరపు కిలోమీటర్లు, పొడవు 18 కిలోమీటర్లు, జనాభా నలభై వేల పైచిలుకు. 1883లో ఇండోనేషియాలో క్రాకటోవా అగ్నిపర్వతం పేలితే, దాదాపు 4,800 కిలోమీటర్ల అవతలున్న ఈ ద్వీపంలో ఆ చప్పుడు వినిపించింది. దూరంగా ఫిరంగులు మోగుతున్నట్టుందని ఇక్కడి పోలీసు అధికారి నమోదు చేశాడు. మధ్యలో అడ్డుకోవడానికి సముద్రం తప్ప ఇంకేమీ లేదు మరి.

తీర్పు ముందే చెప్పేస్తాను, తర్వాత కారణాలు. పుస్తకం పట్టుకుని, కాసేపు ఈదుతూ, కాసేపు నడుస్తూ వారం గడపాలనుకునేవాళ్లకి ఇది చాలా మంచి చోటు. సముద్రం మీద కట్టిన విల్లాలు, రాత్రి పార్టీలు, షాపింగ్ కావాలంటే దయచేసి వెళ్లకండి, రెండో రోజే బోర్ కొడుతుంది. ఒక్క మెలిక మాత్రం ఉంది. ఇక్కడ రోజు ఎలా గడవాలో నిర్ణయించేది సముద్రపు ఆటుపోట్లూ, గాలీ. ఈ రెండూ చూసుకోకుండా వేసిన ప్లాన్ మూడో రోజుకే చెడిపోతుంది.

స్క్రీన్ మీద మ్యాప్ చూడండి. మధ్యలో ఉన్నది ద్వీపం, చుట్టూ లేత నీలం రంగులో కనిపిస్తున్నది లగూన్, అంటే పగడపు దిబ్బ లోపలి లోతు తక్కువ సముద్రం. ద్వీపం కంటే లగూనే పెద్దది, దాదాపు రెండింతలు. ఫొటోల్లో కనిపించే ఆ రంగంతా దీని పుణ్యమే. అయితే ఫొటోలన్నీ హై టైడ్‌లో, అంటే నీళ్లు పెరిగినప్పుడు తీసినవి! లో టైడ్‌లో, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు అదే చోటికి వెళ్తే చాలాచోట్ల నీళ్లు మోకాలు దాటవు. పడవలు ఇసుకలో ఒక పక్కకి ఒరిగి ఉంటాయి. అదే సమయంలో ఆడవాళ్లు బూట్లు వేసుకుని, చేతిలో ఇనుప ఊచ పట్టుకుని, ఒడ్డుకి చాలా దూరం దాకా నడిచి వెళ్లి రాళ్ల సందుల్లో ఆక్టోపస్‌లు పడుతుంటారు. చూడ్డానికి బాగుంటుంది, ఈత మాత్రం కుదరదు.

అందుకే టికెట్ కంటే ముందు టైడ్ టేబుల్, అంటే ఆటుపోట్ల వేళల పట్టిక తెరవండి. ద్వీపంలోని ప్రధాన పట్టణం పోర్ట్ మథురిన్ పేరుతో వెతికితే దొరుకుతుంది. రోజుకి రెండు హై టైడ్‌లు, రెండు లో టైడ్‌లు. ప్రతి రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. శుక్రవారం ఉదయం 9కి హై టైడ్ అయితే, మంగళవారానికి అది 12:20 ప్రాంతానికి జరుగుతుంది. దీన్నిబట్టి, వారం మొదట్లో ఈత పొద్దున, నడక సాయంత్రం. వారం చివర్లో నడక పొద్దున, ఈత మధ్యాహ్నం అని తేలిగ్గా రాసేసుకోవచ్చు. అమావాస్య, పౌర్ణమి దగ్గర ఆటుపోట్ల తేడా ఎక్కువ, లో టైడ్‌లో లగూన్ మరీ ఖాళీ అవుతుంది. ఈతే ముఖ్యమనుకుంటే ఆ రెండు తిథులకీ మధ్య వచ్చే రోజులు చూసుకోండి.

ఇక ఎప్పుడు వెళ్లాలి? ఇక్కడ తెలివిగా ఆలోచించాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఆగ్నేయ వ్యాపార పవనాలు గట్టిగా వీస్తాయి. కైట్ సర్ఫింగ్ వాళ్లకి పండగ, ఆగ్నేయాన ఉన్న మూరూక్ దానికే పేరుపడింది. కానీ తూర్పు బీచ్‌లో టవల్ పరుచుకుని పడుకుంటే ఇసుక ముఖాన కొడుతుంది. జనవరి నుంచి మార్చి దాకా తుఫాన్ల ఉధృతి ఎక్కువ. 2019 మార్చిలో జోవానిన్హా తుఫాను ఈ ద్వీపానికి బాగా దగ్గరగా వెళ్లింది. మిగిలింది అక్టోబర్ నుంచి డిసెంబర్ మొదటి వారాల దాకా. గాలి తగ్గుతుంది, నీళ్లు వెచ్చబడతాయి. అన్నీ బాగున్నాయి అనుకుంటున్నారా? సరిగ్గా అప్పుడే ద్వీపంలో మంచినీళ్ల కటకట. రోడ్రిగ్స్‌లో నదులంటూ పెద్దగా లేవు, ఇళ్ల మీద ట్యాంకుల్లో వాననీళ్లు పట్టుకుంటారు, పొడి కాలం చివరికి అవి అడుగంటుతాయి. కాబట్టి బస బుక్ చేసేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న వైఫై గురించి కాదండీ: "మీ ట్యాంక్ ఎన్ని లీటర్లు, కుళాయి నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి?" దీనికి సూటిగా జవాబు చెప్పినవాళ్ల దగ్గర దిగండి. స్నానం షవర్ కింద రెండు నిమిషాల్లో ముగించడం మన వంతు.

బస ఎక్కడ? వారానికి ఒక్కటే. ద్వీపం చిన్నది, బసలు మార్చడం వల్ల రెండు సగం రోజులు పోవడం తప్ప లాభం లేదు. గాలి కాలంలో అయితే ఉత్తరం వైపు ఆన్స్ ఓజాంగ్లే. కొండలు గాలిని ఆపుతాయి, పోర్ట్ మథురిన్ దుకాణాలు దగ్గర. గాలి తగ్గాక అయితే తూర్పున ప్వాంత్ కోటన్, సెయింట్ ఫ్రాన్స్వా వైపు. బీచ్‌ల వరకు చూస్తే ఈ వైపుదే పైచేయి. హోటళ్ల కంటే గీత్ అని పిలిచే చిన్న అద్దె ఇళ్లు, భోజనం పెట్టే గెస్ట్‌హౌస్‌లే ఇక్కడ నయం. రాత్రి భోజనం కావాలంటే పొద్దునే చెప్పాలి, సాయంత్రం ఆరింటికి చెబితే దొరకదు. ఆక్టోపస్ కూర తినాలని వెళ్లేవాళ్లకి ఒక మాట: 2012 నుంచి ఏటా ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా ఆక్టోపస్ వేట నిషేధం. పిల్లలు పెరిగే సమయం అది. అప్పుడు దొరికేది ఎండబెట్టినదో, ఫ్రీజర్‌లోదో. శాకాహారులు ముందే గట్టిగా చెప్పండి, "చేప కూడా వద్దు" అని విడిగా చెప్పండి. ఎర్ర చిక్కుడు గింజలు, మొక్కజొన్న, అన్నం, పచ్చళ్లు ఉంటాయి. ఇక్కడి మిరప పచ్చడి మన నాలుకకి కూడా బాగానే తగులుతుంది.

ఇప్పుడు అసలు తలనొప్పి, ప్రయాణం. మారిషస్ నుంచి విమానంలో గంటన్నర. రన్‌వే చిన్నది కాబట్టి ఏటీఆర్ 72 రకం ప్రొపెల్లర్ విమానాలు, 70 మంది దాకా పడతారు. దీనివల్ల రెండు ఇబ్బందులు. ఒకటి, లగేజీ పరిమితి పెద్ద విమానం కంటే తక్కువగా ఉండొచ్చు. మారిషస్ దాకా ఇచ్చిన బరువే ఇక్కడా ఇస్తారనుకోకండి, ఈ టికెట్ మీద విడిగా చూసుకోండి. రెండు, వాతావరణం బాగోక ఒక విమానం రద్దైతే ఆ జనమంతా తర్వాతి విమానాల్లో సర్దుకోవాలి, మీ వంతు మర్నాటికి పోవచ్చు. అందుకని తిరుగు ప్రయాణంలో మారిషస్‌లో ఒక రాత్రి తప్పనిసరిగా పెట్టుకోండి. రెండూ వేర్వేరు టికెట్లయితే మరీను. అంతర్జాతీయ విమానం తప్పిపోతే ఆ నష్టం ఎవరూ భరించరు. ఓడ కూడా ఉంది, ఒకటిన్నర రోజు పడుతుంది. వారం సెలవులో దాని జోలికి వెళ్లకండి.

తుఫాను కాలంలోనే వెళ్లక తప్పదంటే ఇది గుర్తుంచుకోండి. హెచ్చరికలు తరగతుల్లో ఇస్తారు. ఒకటో తరగతి అంటే ముప్పుకి 36 నుంచి 48 గంటల ముందు. నాలుగోది అంటే గంటకి 120 కిలోమీటర్ల గాలులు అప్పటికే వీస్తున్నాయని. విమానం మార్చుకోవాలంటే ఒకటో తరగతి ప్రకటించగానే మార్చుకోవాలి. రెండో తరగతి దాకా ఆగితే ఊరంతా అదే పనిలో ఉంటారు.

సరే, ఏడు రోజులు ఎలా సర్దాలి. గురువారం దిగడం బాగుంటుంది, కారణం చెప్తాను. శుక్రవారం ఏమీ పెట్టకండి. పోర్ట్ మథురిన్ వెళ్లి నగదు తీసుకోండి, ఏటీఎంలు ప్రధానంగా అక్కడే, పడవ వాళ్ల దగ్గర కార్డు నడవదు. స్కూటర్ తీసుకుంటే ట్యాంక్ నింపించండి. గురువారం దిగమన్నది ఇందుకే: శనివారం పోర్ట్ మథురిన్ సంత. ఇది తెల్లవారుజామున మొదలవుతుంది, టిఫిన్ చేసి నెమ్మదిగా వెళ్తే సర్దుకుంటున్న బల్లలే కనిపిస్తాయి. ఆదివారానికి కూడా సరిపడా కూరగాయలు, పళ్లు అప్పుడే కొనాలి, ఎందుకంటే ఆదివారం జనం చర్చికి, తర్వాత బీచ్‌కి వెళ్తారు, దుకాణాలు చాలావరకు మూసేస్తారు.

సోమవారానికి ఈల్ ఓ కోకో పెట్టండి. పడమటి లగూన్‌లో ఉన్న పక్షుల దీవి, అనుమతి కావాలి, పడవ వాళ్లే చూసుకుంటారు. పడవలు టైడ్‌ని బట్టి బయల్దేరతాయి, గాలి ఎక్కువైతే రద్దు. సోమవారం పెడితే మంగళ, బుధవారాలు చేతిలో ఉంటాయి. చివరి రోజుకి పెట్టుకుని, రద్దై, చూడకుండా తిరిగొచ్చేవాళ్లే ఎక్కువ. అక్కడ తెల్లటి ఫెయిరీ టెర్న్ పక్షి గూడే కట్టదు, ఉత్త కొమ్మ మీద ఒకే గుడ్డు పెట్టి దాన్ని పొదుగుతూ కూర్చుంటుంది. మనిషిని చూసి కదలదు కూడా. కొమ్మలు పట్టుకుని ఊపకండి. తలకి టోపీ పెట్టుకోండి, పైనున్నవి వేల పక్షులు, అర్థమైందిగా!

మంగళవారం రాక్షస తాబేళ్లుండే ఫ్రాన్స్వా లెగా రిజర్వ్. ఈ ద్వీపపు సొంత రాక్షస తాబేళ్లు ఎప్పుడో అంతరించాయి, ఇప్పుడు చూసేవి ఆల్డాబ్రా జాతివి, మడగాస్కర్ జాతివి. లోపలే ఒక గుహ కూడా ఉంది, నడక దారి వేశారు. కావెర్న్ పటాట్ అని ఇంకో గుహ ఉంది కానీ అది జారుడు, మోటు. మోకాళ్లు గట్టివైతే అది, లేకపోతే ఇది. రెండూ అక్కర్లేదు.

బుధవారం ట్రూ దార్జాన్. సెయింట్ ఫ్రాన్స్వా నుంచి ముప్పావు గంట లోపు నడక. రెండు రాతి గోడల మధ్య చిన్న ఇసుక బీచ్. నీడ తక్కువ, అమ్మేవాళ్లు ఉండరు, మనిషికి రెండు లీటర్ల నీళ్లు మోసుకెళ్లండి. గోడలు దాటి బయటికి ఈదకండి, ప్రవాహం లాగేస్తుంది. తిరుగు టైమ్ కూడా చూసుకోండి. ఇక్కడ గడియారం మారిషస్‌దే, సూర్యుడు మాత్రం సుమారు 24 నిమిషాలు ముందుంటాడు. జూన్‌లో సాయంత్రం 5:15 ప్రాంతానికే అస్తమయం, డిసెంబర్‌లో 6:25 దాకా. చీకట్లో స్కూటర్ నడపొద్దు, రోడ్లు నిట్టనిలువు మలుపులు, ఆవులూ మేకలూ అడ్డంగా పడుకుంటాయి. బస్సులు సాయంత్రం తొందరగా ఆగిపోతాయి.

సామాన్లలో రెండు మాటలే చెప్తాను. ప్లగ్‌లు బ్రిటిష్ మూడు పలకల పిన్నులవి, యూరప్ రకం రెండు గుండ్రటి పిన్నులవి, అడాప్టర్ కావాలి. రెండోది, గట్టి అడుగు ఉన్న రీఫ్ షూస్, అంటే నీళ్లలో పగడపు రాళ్ల మీద నడిచే బూట్లు. గుడ్డ అడుగువి కాదు. లగూన్‌లో ఒళ్లంతా ముళ్లుండే సీ అర్చిన్‌లు ఉంటాయి, రాయిలా కదలకుండా పడుండే స్టోన్ ఫిష్ ఉంటుంది. దాని ముల్లు గుచ్చుకుంటే పంటి బిగువున భరించలేని నొప్పి. వెంటనే కాలిని, కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, అంటే 45 డిగ్రీల లోపు, అరగంట నుంచి గంటన్నర పెట్టాలి. ఆ విషం వేడికి చెడిపోతుంది, ఐస్ పెడితే ప్రయోజనం లేదు. నొప్పితో కాలికి వేడి తెలియదు కాబట్టి నీళ్లని పక్కనున్నవాళ్లు చేత్తో చూడాలి. అలా పెట్టుకుంటూనే క్రెవ్ కేర్‌లోని క్వీన్ ఎలిజబెత్ ఆసుపత్రికి బయల్దేరండి. బస యజమాని నంబరు, ఒక టాక్సీ నంబరు మొదటి రోజే ఫోన్‌లో వేసుకుంటే ఆ సమయంలో వెతుక్కునే పని ఉండదు.