బార్లీవైన్: తాజాగా తాగాలా, దాచి తాగాలా? మన డెల్టా ఎండల్లో అసలు సంగతి

నమస్కారమండి. నా మాట ముందే చెప్పేస్తాను. బార్లీవైన్ అనే ఘాటైన బీరు సీసా మీ చేతికి వస్తే, మీ ఇల్లు మన గోదావరి డెల్టాలో ఉంటే, దాన్ని తాజాగా తాగెయ్యండి. దాచాలనిపిస్తే, ముందు దాచడానికి తగిన చల్లటి చోటు ఉందో లేదో చూసుకోండి. ఏళ్ళ లెక్క ఆ తర్వాత వేసుకోవచ్చు.

ఈ సంగతి ఎందుకొచ్చిందంటే, పాలకొల్లు నుంచి ఒక తమ్ముడు అడిగాడండి. వాళ్ళ బావగారు అమెరికా నుంచి వస్తూ రెండు సీసాలు తెచ్చారట. "అన్నా, ఇది పాతబడేకొద్దీ బాగుంటుందంటున్నారు. హాల్లో షోకేసులో పెట్టాను, కొత్తింటి గృహప్రవేశం దాకా ఉంచమంటారా?" అని. ఇల్లు ఇంకా పునాదుల్లోనే ఉందట.

తమ్ముడూ, ముందు ఆ షోకేసులోంచి తీసెయ్యమ్మా. ఎందుకో చెప్తాను.

పేరులో వైన్ అని ఉన్నా ఇది బీరేనండి. ద్రాక్ష ఊసే ఉండదు. బార్లీ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), హాప్స్ (ఒక తీగకి పూసే పూలు), ఈస్ట్ (పులియబెట్టే సూక్ష్మజీవి), నీళ్ళు, అంతే. కాకపోతే మాల్ట్ బాగా దట్టిస్తారు కాబట్టి ఆల్కహాలు మామూలుగా 8 నుంచి 12 శాతం దాకా ఉంటుంది. లెక్క చూడండి. 10 శాతం ఉన్న 355 మిల్లీలీటర్ల చిన్న సీసాలో 35 మిల్లీలీటర్ల పైన అసలు ఆల్కహాలు ఉంటుంది. 5 శాతం ఉన్న 650 మిల్లీలీటర్ల పెద్ద లైట్ బీరులో కూడా అంత ఉండదు. చిన్న సీసాయే కదా అని గటగటా తాగే సరుకు కాదిది. ఇద్దరు ముగ్గురు పంచుకోవాలి.

దాచడమనే అలవాటు ఇంగ్లాండు నుంచి వచ్చింది. అక్కడ జమీందారీ ఇళ్ళల్లో వారసుడు పుట్టినప్పుడు ఘాటైన బీరు తయారుచేసి, వాడికి 21 ఏళ్ళు నిండిన రోజున తెరిచేవారు. ఇప్పటికీ అక్కడ ఏటా సంవత్సరం వేసి మరీ అమ్మే బీర్లున్నాయి. జె.డబ్ల్యూ. లీస్ వాళ్ళ హార్వెస్ట్ ఏల్ 1986లో మొదలైంది, 11.5 శాతం. ఫుల్లర్స్ వింటేజ్ ఏల్ 1997లో, 8.5 శాతం. దాచుకోమనే అమ్ముతారు, నిజమే. కానీ వాళ్ళ నేలమాళిగలో ఏడాది పొడుగునా 10 నుంచి 13 డిగ్రీలు ఉంటుందండి. మనకి నేలమాళిగ ఎక్కడిది? కోనసీమలో నాలుగడుగులు తవ్వితే నీళ్ళు ఊరతాయి.

ఇక బావగారు తెచ్చింది అమెరికా రకం. ఆ దేశంలో ఈ బాట వేసింది శాన్ ఫ్రాన్సిస్కోలోని యాంకర్ అనే బీరు కంపెనీ వాళ్ళు, 1975లో ఓల్డ్ ఫాగ్‌హార్న్‌తో. తర్వాత 1983లో సియెర్రా నెవాడా వాళ్ళ బిగ్‌ఫుట్ వచ్చింది, 9.6 శాతం. దీనికి హాప్స్ విపరీతంగా వేస్తారు. బీరుకి చేదూ వాసనా ఈ పూలవల్లేనండి. తాజా సీసా మూత తీయగానే పంపరపనస తొక్క గిల్లినట్టు, దేవదారు చెక్క చెక్కినట్టు వాసన గుప్పున కొడుతుంది. నాలిక మీద చేదు గట్టిగా పట్టుకుంటుంది, దాని వెనకే మాల్ట్ తీపి. నాకైతే ఆ రెండూ కుస్తీ పట్టడమే ఇష్టం. దాచితే ముందు చచ్చేది ఆ వాసనే. కొన్ని నెలల్లోనే పల్చబడుతుంది. చేదునిచ్చే పదార్థాలు కూడా నెమ్మదిగా విరిగిపోతాయి. పాకం రుచి పైకి వస్తుంది. అది ఇష్టపడేవాళ్ళూ ఉన్నారు, కాదనను. కానీ డబ్బు పెట్టి కొన్నది హాప్స్ కోసం కదా!

ఇంగ్లాండు రకం వేరు. అందులో మాల్టే మారాజు. కొత్తగా ఉన్నప్పుడు ఆల్కహాలు గొంతులో మండుతుంది, తీపి ముద్దగా ఉంటుంది. మన కొత్త బియ్యం లాంటిదన్నమాట. ఏడాది ఆగితే గానీ అన్నం పొడిపొడిగా రాదు, కానీ గాదెలో చెమ్మ చేరిందా, పురుగే మిగులుతుంది. ఈ బీరు కూడా చల్లగా, కదలకుండా ఉంటే మంట తగ్గి ఎండుద్రాక్ష, ఖర్జూరం, షెర్రీ (ఒక రకం ఘాటైన వైన్) వాసనలు పడతాయి. మూత సందుల్లోంచి చాలా కొద్దిగా దూరే గాలి చేసే పని అది. అదే గాలి వేడి కూడా తోడైతే తడిసిన అట్టపెట్టె వాసన తెస్తుంది. సీసా అడుగున చచ్చిన ఈస్ట్ ఎక్కువైతే సోయా సాస్ వాసన వస్తుంది.

అసలు మెలిక వేడిలోనే ఉందండి. బీరు వ్యాపారంలో 3-30-300 అని ఒక మోటు లెక్క ఉంది. సుమారు 32 డిగ్రీల్లో 3 రోజులు, 22 డిగ్రీల్లో 30 రోజులు, 3 డిగ్రీల్లో 300 రోజులు, ఈ మూడూ బీరు రుచిని ఒకేలా పాడుచేస్తాయని. బార్లీవైన్ మామూలు బీరుకన్నా గట్టిపిండమే గానీ, ఆ లెక్క దాన్నీ వదలదు. మరి మే నెలలో రాజమండ్రిలో 45 దాటే రోజుల్లో, రాత్రి పన్నెండింటికి కూడా భీమవరంలో గోడ ముట్టుకుంటే వెచ్చగా ఉండే రోజుల్లో, షోకేసులో ఆ సీసా ఎంత ఉడుకుతుందో ఆలోచించండి. అటక మీద ఇంకా ఘోరం, శ్లాబు వేడంతా అక్కడే. పైగా షోకేసులో ట్యూబులైటు. వెలుతురు హాప్స్ చేదుతో కలిస్తే స్కంక్ అనే జంతువు వదిలే కంపు లాంటిది పుడుతుంది. గోధుమరంగు సీసా చాలావరకు ఆపుతుంది గానీ పూర్తిగా ఆపదు.

అంటే మనకి మిగిలింది ఫ్రిజ్ ఒక్కటే. కింద అరలో, వెనక్కి, నిలబెట్టి పెట్టండి. పడుకోబెడితే మూతకి బీరు తగులుతుంది, అడుగు మడ్డి చెదురుతుంది. తలుపు అరలో వద్దు, మాటిమాటికీ తీసినప్పుడల్లా వేడి తగులుతుంది. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు తిరుగుతాయి గానీ, చాలా ఇళ్ళల్లో ఫ్రిజ్ నడవదు కదండీ. కరెంటు పోతే తలుపు తియ్యకుండా ఉంచండి, నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది. ఫ్రిజ్‌లో బీరు ముదరడం బాగా నెమ్మదిస్తుంది, పాడవడమూ అంతే. నాకది లాభంగానే కనిపిస్తుంది.

కాబట్టి తమ్ముడూ, మొదటి సీసా ఈ ఆదివారమే తెరువు. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచు, 12 డిగ్రీల దగ్గరకి వస్తే వాసనలు విచ్చుకుంటాయి. చిన్న గ్లాసుల్లో పోసి, మడ్డి సీసాలోనే వదిలెయ్. కారంగా కోడి వేపుడు మాత్రం పక్కన పెట్టొద్దు, చేదూ ఆల్కహాలూ కలిసి మంట రెట్టింపు చేస్తాయి. జీడిపప్పు చాలు. ఇంగ్లాండు రకం దొరికిన రోజున మాత్రం ఆత్రేయపురం బెల్లం పూతరేకులతో తాగి చూడు, నెయ్యీ బెల్లమూ మాల్ట్‌తో భలే కలుస్తాయి. 21 ఏళ్ళు నిండనివాళ్ళకి పొయ్యకు, తాగాక బండి తియ్యకు.

రెండో సీసా మీద ఇవాళ్టి తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టి, వచ్చే సంక్రాంతికి బావగారు దిగినప్పుడు ఇద్దరూ కలిసి తెరవండి. ఈ ఆదివారం రుచి ఒక కాగితం మీద రాసిపెట్టుకుంటే, దానితో పోల్చి చూసుకోవచ్చు. గృహప్రవేశానికి కొత్త సీసా తెప్పించుకో.