కాపలా జన్యువు మూడేళ్ళకే ఎందుకు ఓడింది?

అందరికీ నమస్కారం. నూనెగింజల తెగుళ్ళ గురించి మాట్లాడమని పిలిచారు. మన సభల్లో తెగులు అనగానే ఏ మందు కొట్టాలి, లీటరు నీటికి ఎన్ని గ్రాములు కలపాలి అన్న దగ్గరికి మాట వెళ్ళిపోతుంది. ఈ పూట మందుల జోలికి పోను. తెగులు తెచ్చే శిలీంధ్రం ఎలా మారుతుంది, ఒక్కోసారి అంత తొందరగా ఎలా మారగలుగుతుంది అన్నదే చెబుతాను.

దక్షిణ ఆస్ట్రేలియాలో ఐర్ ద్వీపకల్పం అని ఉంది. అక్కడ కనోలా బాగా వేస్తారు, మన ఆవాలకు దగ్గరి చుట్టం. ఆ పంటకు గండం బ్లాక్‌లెగ్ తెగులు. లెప్టోస్ఫేరియా మాక్యులన్స్ అనే శిలీంధ్రం ఆకు మీద పడి, పైకి ఏ లక్షణమూ చూపకుండా కాడ గుండా కాండం మొదట్లోకి దిగి, అక్కడ కుళ్ళబెడుతుంది. మొక్క నిలువునా పడిపోతుంది. 1970ల మొదట్లో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఈ తెగులు దెబ్బకు కనోలా సాగే దాదాపు మూతపడింది. 2000 ప్రాంతంలో ఒక అడవి జాతి నుంచి తెచ్చిన నిరోధక శక్తితో కొత్త రకాలు వచ్చాయి. చేను కడిగినట్టు ఉండేసరికి రైతులు ఎగబడి వేశారు. 2003లో అవే రకాలు ఐర్ ద్వీపకల్పంలో కుప్పకూలాయి. కొన్ని పొలాల్లో దిగుబడి నూటికి తొంభై వంతుల దాకా పోయింది. ఆ విత్తనాన్ని అమ్మకం నుంచే తీసేయాల్సి వచ్చింది.

మూడేళ్ళలో ఏం జరిగింది? దీని మూలం తెలిసింది కూడా ఒక నూనెగింజ పంటలోనే. అమెరికాలోని నార్త్ డకోటాలో ఫ్లోర్ అనే శాస్త్రవేత్త 1940లలో అవిసె పంట మీద, దానికొచ్చే తుప్పు తెగులు మీద పనిచేశాడు. మొక్కనొక్కదాన్నే కాదు, శిలీంధ్రాన్ని కూడా సంకరం చేసి చూశాడు. అదీ ఆయన గొప్పతనం. మొక్కలో ఉన్న ఒక్కో నిరోధక జన్యువుకు శిలీంధ్రంలో సరిగ్గా ఒక జోడీ జన్యువు ఉంటుందని తేల్చాడు. ఊరి కాపలావాడు దొంగను ఎర్రచొక్కా బట్టి గుర్తుపడుతున్నాడనుకోండి. దొంగ బలం పెంచుకోనక్కర్లేదు, చొక్కా విప్పేస్తే చాలు. శిలీంధ్రంలో ఆ చొక్కా లాంటి జన్యువునే అవిరులెన్స్ జన్యువు అంటారు.

బ్లాక్‌లెగ్ శిలీంధ్రంలో ఇలాంటి జన్యువులకు నంబర్లు ఇచ్చారు. 2003లో ఓడిన రకాలు ఒకటో నంబరును గుర్తుపట్టేవి. దెబ్బ తగిలాక ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 295 శిలీంధ్ర నమూనాలు తీసి చూశారు. కొన్నిటిలో ఆ జన్యువు మొత్తానికే లేదు, ఊడిపోయింది. ఇంకొన్నిటిలో ఉంది కానీ చెడిపోయి పనికిరాకుండా ఉంది. ఇక్కడ ఒక సంగతి మీరు బాగా పట్టుకోవాలి. జన్యువు ఊడిపోయిన శిలీంధ్రాలు 2003కు ముందు తీసిన నమూనాల్లోనూ ఉన్నాయి! అంటే తెగులు ఆ ఏడాది కొత్తగా పుట్టుకురాలేదు. కొద్దిపాటిగా మూలన పడి ఉన్నదాన్ని, ఊరంతా ఒకే రకం వేసి మనమే ఏరి పెంచాం.

ఇంకా విచిత్రం, ఆరో నంబరు జన్యువు కూడా పెద్ద ఎత్తున పోయింది. దాన్ని గుర్తుపట్టే శక్తి ఆ రకాల్లో లేనే లేదు. మరి ఎందుకు పోయింది? శిలీంధ్రం డీఎన్ఏలో ఒకటి, ఆరు నంబర్లు ఒకే పేటలో ఉన్నాయి. ఒకటి పోయేటప్పుడు పక్కదాన్నీ వెంటబెట్టుకుపోయింది. అంటే ఇంకా పొలంలోకి దిగని నిరోధక జన్యువు, దిగకముందే సగం ఓడిపోయింది. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా భయం వేసేది ఇదే.

ఆ పేట ఎలాంటిదో 2011లో శిలీంధ్రం జన్యుపటం మొత్తం చదివాక తెలిసింది. దాదాపు నాలుగున్నర కోట్ల అక్షరాల పటం అది. అందులో మూడో వంతు చోటుమారే డీఎన్ఏ ముక్కలే, అంటే ట్రాన్స్‌పోజాన్లు. వాటిని అణచడానికి శిలీంధ్రం దగ్గర ఒక పద్ధతి ఉంది. లైంగిక దశలో, ఒకే వరుస రెండు చోట్ల కనబడితే రెండింటిలోనూ సి అక్షరాలను టి అక్షరాలుగా మార్చి పాడుచేస్తుంది. ఆ పాడు పక్కనున్న మంచి జన్యువులకూ పాకుతుంది. అవిరులెన్స్ జన్యువులు చాలావరకు ఉన్నది సరిగ్గా ఈ ముక్కల మధ్యనే. జీవి బతకడానికి తప్పనిసరైన జన్యువులు మాత్రం దూరంగా, భద్రమైన చోట ఉన్నాయి. చెడితే లాభమొచ్చేవి తొందరగా చెడే చోట చేరాయన్నమాట. పైగా ఈ శిలీంధ్రం కోత తర్వాత మిగిలిన మోళ్ళ మీద ఏటా లైంగికంగా కలుస్తుంది, వానలు పడగానే ఆ బీజాలు గాలికెక్కుతాయి. ఏడాదికోసారి పేకముక్కలన్నీ కొత్తగా కలిపినట్టే.

ఇదే తెగులు మీద ఫ్రాన్స్‌లో ఒక పరీక్ష చేశారు. ఒకే నిరోధక జన్యువును రెండు రకాల్లో పెట్టారు. బలహీనమైన రకంలో అది మూడేళ్ళకు చేతులెత్తేసింది. తెగులును కొంత నెమ్మదింపజేసే గుణం ముందే ఉన్న రకంలో ఐదేళ్ళూ నిలబడింది.

ఇక మన వేరుశనగ. తిక్కాకు అంటే ఆకుమచ్చ తెగులు, తుప్పు, ఈ రెండూ అనంతపురం రైతుకు కొత్తగా చెప్పక్కర్లేదు. తిక్కాకు వస్తే ఆకు రాలిపోతుంది. తుప్పు పడితే ఎండి చెట్టునే వేలాడుతుంది, ఆకు తిప్పి వేలితో రాస్తే నారింజ రంగు పొడి అంటుతుంది. వీటిని తట్టుకునే శక్తి మన రకాల్లోకి ఎక్కువగా వచ్చింది బొలీవియా అడవి వేరుశనగ అరాకిస్ కార్డెనసీ నుంచి. అందులోనూ జీకేపీ 10017 అనే నంబరుతో సేకరించి దాచిన ఒకే ఒక్క నమూనా నుంచి. 1960లలో అమెరికాలో మొదలైన సంకరాలు పటాన్‌చెరు ఇక్రిశాట్‌కు చేరాయి. అక్కడి నుంచి వచ్చిన ఒక సంకర సంతతితో ధార్వాడ్‌లో జీపీబీడీ 4 రకం తయారైంది. దానిలోని తుప్పు నిరోధక భాగాన్ని డీఎన్ఏ గుర్తుల సాయంతో ఐసీజీవీ 91114, జేఎల్ 24, టీఏజీ 24 రకాల్లోకి ఎక్కించారు. ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అమెరికా ఖండాల్లో ఈ ఒక్క అడవి మొక్క వారసత్వం ఉందని 2021లో తేలింది.

కనోలాలో మూడేళ్ళకు ఓడితే ఇది ఇన్నాళ్ళు ఎందుకు నిలిచింది? నా లెక్కలో రెండు కారణాలు. వేరుశనగ తుప్పు శిలీంధ్రం మన దగ్గర లైంగిక దశ లేకుండా, ఒకే తరహా బీజాలతోనే నెట్టుకొస్తోంది. రెండోది, కార్డెనసీ శక్తి తెగులును పూర్తిగా ఆపదు, పొక్కులను చిన్నవి చేసి నెమ్మదింపజేస్తుంది. శిలీంధ్రానికి చావో రేవో అన్న పరిస్థితి రాదు. కానీ ఇన్ని దేశాలు ఒకే ముక్క మీద ఆధారపడటం నాకు నచ్చదు. బ్రెజిల్ శాస్త్రవేత్తలు అరాకిస్ మాగ్నా అనే మరో అడవి జాతిలో వేరే క్రోమోజోమ్ మీద తుప్పు నిరోధకతను పట్టుకున్నారు. అడవి మొక్కకు 20 క్రోమోజోములు, సాగు వేరుశనగకు 40. నేరుగా కలిపితే వచ్చే మొక్క గొడ్డుపోతుంది, క్రోమోజోములు రెట్టింపు చేసుకుంటూ రావాలి. ఏళ్ళు పట్టే పని, అయినా రెండు శక్తులూ ఒకే రకంలో చేర్చాల్సిందే.

ఆస్ట్రేలియాలో ఇప్పుడు ప్రతి కనోలా రకానికీ నిరోధక గుంపును సూచించే అక్షరం ఇస్తారు, కొన్నిటికి ఒకటి కన్నా ఎక్కువే. రైతు కొన్నేళ్ళకోసారి గుంపు మారుస్తాడు. మన వేరుశనగ విత్తన సంచి మీద అలాంటి అక్షరం లేదు. అందుకని విద్యార్థులను ఒకటి అడుగుతున్నాను. ఈ రబీలో తట్టుకునే రకం వేసిన చేలకు వెళ్ళినప్పుడు ఆకులు తిప్పి చూడండి. పొక్కులు మామూలు కన్నా పెద్దవిగా, పొడి ఎక్కువగా కనబడితే కోసి కాగితం కవర్లో పెట్టండి. పాలిథిన్ కవర్లో వద్దు, చెమ్మకు కుళ్ళిపోతుంది. కవరు మీద రకం, ఊరు, తేదీ రాసి మీ తెగుళ్ళ విభాగంలో ఇవ్వండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.